ముప్పై అయిదో రోజు తర్వాత

ఒక్కో జంటకు రెండు పుస్తకాలిచ్చాం.
నీలం అట్టది పరీక్ష రాసేవాళ్లకు,
పసుపు అట్టది వాళ్లతో కాపరం చేసేవాళ్లకు.
పడుకోబోయే ముందు టిక్కు పెట్టాలి,
ఒకరిది ఒకరు చూడకూడదు.
నీలంలో: ఈ రోజు మీకు సాయం అందిందా?
పసుపులో: ఈ రోజు మీరు సాయం చేశారా?
కింద చిన్న గడి, నిద్ర ఎట్లా పట్టింది, గుండె ఎంత దడ.
డీఎస్సీకి ముప్పై అయిదు రోజులుంది అప్పటికి.

బైరాగిపట్టెడ కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కాపేసి
నలభై రెండు జంటల్ని పట్టుకున్నాను.
తొమ్మిది జంటలు మొదటి వారమే జారుకున్నాయి.
కొర్లగుంటలో ఒకాయన
గంటకోసారి హార్లిక్స్ గ్లాసుతో వచ్చి
"చదువుతా ఉండావా" అని అడిగేవాడట.
ఆయన పుస్తకం నిండా టిక్కులు,
ఆమె పుస్తకం నిండా కూడా టిక్కులే,
కింది గడిలో మాత్రం దడ, దడ, దడ.
కంటికి కనబడే సాయం అప్పులా మీద పడుతుందేమో
అని మార్జిన్లో పెన్సిలుతో రాసుకుని
మా గైడు చూస్తుందని రబ్బరుతో తుడిపేశాను.

జీవకోన మునికుమారి పుస్తకంలో
ముప్పై అయిదు పేజీలూ ఒకటే మాట.
సాయం: లేదు.
ఇరవై రెండో పేజీలో ఏదో రాసి,
కాయితం చిరిగేంత గట్టిగా కొట్టేసి,
మళ్లీ "లేదు" అనే రాసింది.
ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూశాను, కనబడలేదు.
నిద్ర: బాగానే పట్టింది.

ఆమె మొగుడు చెంగల్రాయులు
లీలామహల్ కాడ ఆటో తోల్తాడు.
ఒక్క టిక్కు పెట్టమంటే
గడి దాటి, గీత దాటి, అట్ట లోపలిదాకా రాశాడు.
"ఈది మొగదాల ఇంజను ఆపేసి ఇంటిదాకా తోసుకోనొచ్చినా."
"పక్కింటాయన పిలకాయల్ని బడికాడ ఊరికే దించతా ఉండా,
టీవీ సౌండు తగ్గించినాడు."
"మా యమ్మ వస్తానంటే బస్సుల్లేవన్న్యా. ఉండాయి."
"ఫీజు కట్టేసినా. సారు గడువిచ్చినాడని చెప్పినా."
పద్నాలుగో రోజు, ఎర్ర సిరాతో:
"ఆయమ్మికి చెప్పబాకండి మేడం."

చెప్పకూడదు కూడా.
సంతకాలు పెట్టించుకున్న కాయితంలో ఏడో షరతు అది.

ముప్పై మూడో రోజున కోర్టులో ఏదో కేసు,
పరీక్ష వాయిదా.
దగ్గరపడే కొద్దీ పెరిగే భయాన్ని కొలుద్దామనుకున్నాం,
భయం తేదీ మార్చుకుంది.
పుస్తకాలు సంచుల్లో వేసుకొచ్చి బీరువాలో పడేశాం.
నేను ఇంకో కాలేజీలో గంటల లెక్కన పాఠం చెప్పుకున్నాను.

మామిడికాయల లారీలు రేణిగుంట రోడ్డు మూసేసిన రోజుల్లో
చెమటలు కారుతూ రెండో అంతస్తు ఎక్కొచ్చాడు చెంగల్రాయులు.
చేతిలో లాంగ్ నోట్‌బుక్,
స్కేలుతో కొట్టిన గీతలు, మా గడుల్లాంటి గడులే,
నూట పన్నెండు రోజులు.
"మీ బుక్కు తీసుకోనిపోయినారు గానీ
ఆపమని ఎవురూ చెప్పలా."

గైడు అద్దాలు నుదుటి మీదికి తోసుకుని
నాలుగు పేజీలు తిప్పింది. అయిదోది కూడా తిప్పింది.
"లెక్కలోకి రాదమ్మాయ్" అంది.
నిజమే. జతకు నీలం పుస్తకం లేదు.
దాన్ని నా సొరుగులో, ఖాళీ ఫారాల కింద పెట్టాను.

తర్వాతి వారం
ఇస్తామన్న మూడొందలకు సంతకం పెట్టేందుకు మునికుమారి వచ్చింది.
"ఆయన ఏం రాసినాడు మేడం?"
చెప్పకూడదమ్మా అన్నాను.
"ఏముంటాదిలే. పొద్దుగూకులూ ఆటోనే.
ఇంటికొచ్చేది గూడా తెలీదు, పిల్లి మాదిరి వస్తాడు"
అని నవ్వి, నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అంది:
"ఆయన పెద్ద బుక్కు మీకాడే ఇచ్చేసినాడు గదా.
కొత్తది కొనుక్కోనొచ్చి ఆటో సీటు కింద పెట్టినా.
ఎవురు పెట్టినారని ఆయనా అడగలా.
నేనూ చెప్పలా."